గోటితో పోయేది.. గొడ్డలి దాకా

* సుఖవ్యాధులపై గుట్టే అసలు శత్రువు
* గోడ ప్రకటనల వైద్యం.. సగంలో ఆగే మందులు
* ఉచిత చికిత్స ఉన్నా ఆసుపత్రి గడప తొక్కని బాధితులు
* తెల్లబట్ట భయంతో గర్భసంచికే ఎసరు

ఆదోని: బస్టాండులో మూత్రశాల గోడ, రైల్వే గేటు పక్కన కరెంటు స్తంభం, లాడ్జి మెట్ల మలుపు.. ఎక్కడ చూసినా ఒకే తరహా కాగితం. 'రహస్య వ్యాధులకు గ్యారంటీ వైద్యం. ఒక్క కోర్సుతో శాశ్వత విముక్తి'. కింద ఒక సెల్‌ నంబరు. వైద్యుడి పేరు ఉండదు, చదువు ఉండదు, ఇచ్చే మందు ఏమిటో అసలే ఉండదు. అవే జబ్బులకు ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షలు, మందులు, సలహా అన్నీ ఉచితం. అయినా ఓపీ వరుసలో నిలబడటానికి సిగ్గుపడిన మనిషి, చాటుగా ఆ నంబరుకే ఫోను చేస్తున్నాడు. డబ్బూ పోతోంది, జబ్బూ ముదురుతోంది. వారం రోజుల మందులతో తీరవలసిన బాధ సంతానం లేమికి, గర్భసంచి ఆపరేషనుకు, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తోంది.

ఇది ఏ ఒక్క ఊరికో, ఒక వర్గానికో పరిమితమైన విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల వయసువారిలో రోజూ 10 లక్షలకు పైగా కొత్త లైంగిక ఇన్ఫెక్షన్లు సోకుతున్నాయి. ఇవన్నీ మందులతో పూర్తిగా నయమయ్యేవే. 2020లో సిఫిలిస్‌, గనేరియా, క్లమీడియా, ట్రైకోమోనియాసిస్‌ అనే నాలుగింటి కొత్త కేసులే 37.4 కోట్లని ఆ సంస్థ లెక్కకట్టింది. మన దేశంలో వయోజనుల్లో దాదాపు 6 శాతం మంది లైంగిక, జననేంద్రియ ఇన్ఫెక్షన్లతో బాధపడుతున్నారని జాతీయ ఎయిడ్స్‌ నియంత్రణ సంస్థ చెబుతూ వచ్చింది. అంటే వెయ్యి మంది పెద్దలున్న పల్లెలో సుమారు 60 మంది. వారిలో వైద్యుడి ముందు నోరు విప్పేవారు ఎందరన్నదే ప్రశ్న.

పేరులోనే పొరపాటు

మన పల్లెల్లో గనేరియాను 'సెగరోగం' అంటారు. సిఫిలిస్‌ను 'సవాయి' అంటారు. సెగ అంటే వేడి. మూత్రం పోసేటప్పుడు మంట పుడుతుంది కనుక ఆ పేరు వచ్చింది. పేరుతో పాటే ఒక అపోహా స్థిరపడింది. 'ఒంట్లో వేడి చేసింది, అందుకే మంట' అన్న మాటతో మజ్జిగ, బార్లీ నీళ్లు, సబ్జా గింజలు మొదలవుతాయి. నీళ్లు ఎక్కువ తాగితే మూత్రం పలచబడి మంట కొంత తగ్గిన మాట నిజమే. కానీ క్రిమి ఎక్కడికీ పోదు. మంట తగ్గిందని భర్త ఊరట చెందేలోగా అది భార్యకు చేరుతుంది.

సవాయి విషయంలో మోసం ఇంకా ఎక్కువ. క్రిమి సోకిన 10 నుంచి 90 రోజుల్లో, చాలామందిలో మూడు వారాల ప్రాంతంలో, మర్మాంగం మీద పుండు పడుతుంది. దానికి నొప్పి ఉండదు. నొప్పి లేని పుండును మనవాళ్లు లెక్కచేయరు. మందు వేసినా వేయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో అది దానంతటదే మానిపోతుంది. ఈ మధ్యలో ఎవరైనా పసరు పూసి ఉంటే ఆ పసరుకు పేరొస్తుంది. నిజానికి క్రిమి అప్పటికే రక్తంలో కలిసింది. కొన్ని వారాల తరువాత అరచేతులు, అరికాళ్లలో దురద లేని మచ్చలు, జ్వరం, బిళ్లకట్టడం కనిపిస్తాయి. అవీ పోతాయి. ఆపైన ఏళ్ల తరబడి ఏ లక్షణమూ ఉండదు. చికిత్స పొందని కొందరిలో 10 నుంచి 30 ఏళ్ల తరువాత గుండె, మెదడు, నరాలు దెబ్బతింటాయి. యౌవనంలో మానిన పుండు ముసలితనంలో మంచాన పడేస్తుందని ఎవరూ ఊహించరు.

ఇలా గుర్తించాలి

వైద్యులు గమనించమని చెప్పే ముఖ్య లక్షణాలివి:

* పురుషుల్లో మూత్రనాళం నుంచి చీము, మూత్రంలో మంట: గనేరియా అయితే సాధారణంగా 2 నుంచి 7 రోజుల్లో బయటపడుతుంది. క్లమీడియాలో చీము పలచగా, మంట తక్కువగా ఉండవచ్చు. వదిలేస్తే వృషణాల వాపు, మూత్రనాళం కుంచించుకుపోవడం, సంతానలేమి.

* మర్మాంగాల వద్ద పుండు: నొప్పి లేకపోతే సిఫిలిస్‌ను అనుమానించాలి. చిన్న నీటి పొక్కులు గుత్తులుగా వచ్చి, పగిలి, విపరీతంగా మండితే హెర్పిస్‌ కావచ్చు. హెర్పిస్‌ తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంది.

* గజ్జల్లో బిళ్లలు: నొప్పితో వాచి, ఒక్కోసారి చీము పట్టి పగులుతాయి. కత్తితో కోయించుకోవడం, కాల్చిన సున్నం పట్టు వేయడం ప్రమాదకరం.

* స్త్రీలలో రంగు మారిన, దుర్వాసన గల తెల్లబట్ట: నురుగుతో పసుపుపచ్చగా ఉంటే ట్రైకోమోనియాసిస్‌ కావచ్చు. పెరుగు తరకల్లా ఉండి దురద పెడితే అది ఎక్కువగా కాండిడా అనే శిలీంధ్రం పని.

* పొత్తికడుపులో నొప్పి, జ్వరం, కలయికలో నొప్పి: ఇన్ఫెక్షన్‌ గర్భసంచికి, అండవాహికలకు పాకిందనడానికి సంకేతం. ఆలస్యం చేస్తే నాళాలు మూసుకుపోయి పిల్లలు పుట్టకపోవడం, నాళంలోనే గర్భం నిలిచి ప్రాణాపాయం కలగడం వంటివి జరుగుతాయి.

* పులిపిరులు: మర్మాంగాలపై కోడిజుట్టులా పెరిగే వీటికి హెచ్‌పీవీ అనే వైరస్‌ కారణం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. తెల్లబట్ట అయిన ప్రతి స్త్రీకీ సుఖవ్యాధి ఉన్నట్లు కాదు. నెలసరి మధ్య రోజుల్లో, గర్భంతో ఉన్నప్పుడు వాసన, దురద లేని తెలుపు సహజం. కాండిడా వంటివి లైంగిక కలయిక లేకుండానే రావచ్చు. మధుమేహం ఉన్నవారిలో, యాంటీబయాటిక్‌ మందులు ఎక్కువ వాడినవారిలో ఇది మామూలే. ఈ తేడా తెలియక భార్యను అనుమానించి కాపురాలు కూల్చుకోవడం అజ్ఞానం. తేడా చెప్పవలసింది వైద్యులే తప్ప అత్తవారింటి పంచాయితీ కాదు.

లక్షణం లేకపోవడమే చిక్కు

పై జాబితాలో ఏదీ లేదు కదా అని నిశ్చింతగా ఉండటానికీ వీల్లేదు. క్లమీడియా సోకిన స్త్రీలలో అత్యధికులకు ఏ బాధా తెలియదు. గనేరియా కూడా స్త్రీలలో తరచు నిశ్శబ్దంగానే ఉంటుంది. మగవాడికి మంట పుట్టి మందుల దుకాణానికి పరుగెత్తిస్తుంది. ఆడమనిషికి ఆ హెచ్చరికైనా ఉండదు. అందుకే భర్తకు జబ్బు తేలితే భార్యకు లక్షణం ఉన్నా లేకున్నా చికిత్స చేయాలన్నది వైద్య నియమం. ఆచరణలో ఇదే ఎక్కువగా ఉల్లంఘనకు గురవుతోంది. భర్త చాటుగా మాత్రలు మింగి నయం చేసుకుంటాడు. భార్యకు చెబితే 'ఎక్కడి నుంచి తెచ్చావు' అన్న ప్రశ్న వస్తుంది కనుక చెప్పడు. ఆమె నుంచి తిరిగి అతనికే సోకుతుంది. 'మందు పనిచేయలేదు' అని వైద్యుణ్ని మారుస్తాడు. పనిచేయనిది మందు కాదు, మౌనం.

సుగ్గి దారిలో..

కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతానికి వలస కొత్త కాదు. కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడబూరు వంటి మండలాల నుంచి ఏటా వేలాది కుటుంబాలు సుగ్గికి కదులుతాయి. గుంటూరు ప్రాంతపు మిరప చేలకు, బెంగళూరు కట్టడాల పనులకు, ముంబయికి లారీల్లో, రైళ్లలో వెళ్తాయి. వర్షాధారపు సేద్యం కడుపు నింపకపోవడమే దీనికి మూలం.

వలసపోయేవారే రోగాలు మోసుకొస్తారని వేలెత్తి చూపడం అన్యాయం. వారి బతుకు పరిస్థితులు జబ్బుకు ఎలా తలుపు తెరుస్తున్నాయో చూడాలి. చేల గట్ల మీద గుడారాల్లో నెలల తరబడి కాపురం. స్నానానికి చాటు ఉండదు, మరుగుదొడ్డి ఉండదు, కడుక్కోవడానికి శుభ్రమైన నీరు ఉండదు. నెలసరిలో వాడిన గుడ్డను ఎండలో ఆరేసుకోవడానికి మొగమాటం. తడిగుడ్డే తిరిగి వాడటం వల్ల దురద, చర్మం ఒరిసి పుండ్లు పడటం తప్పదు. దానికి తోడు లక్షణం కనిపించినా సీజను ముగిసేదాకా ఆసుపత్రి మాట ఉండదు. ఒక పూట ఆసుపత్రికి పోతే ఒక రోజు కూలి పోతుంది. ఒంటరిగా నగరానికి పోయిన యువకుడి చిక్కు వేరు. తెలిసినవారు లేని చోట, నిరోధ్‌ అడగటానికి సిగ్గు, వాడకానికి అలవాటు లేదు. ఊరికి వచ్చేది పండుగకో, పెళ్లికో. చెప్పుకోవలసిన వైద్యుడు ఇక్కడా లేడు, అక్కడా లేడు.

లారీ డ్రైవర్ల విషయంలో ఈ సంగతిని ప్రభుత్వం ముందే గుర్తించింది. రహదారుల వెంట, ట్రక్కులు ఆగే చోట్ల ప్రత్యేక కార్యక్రమాలు నడిపింది. వలస కూలీల కోసమూ అలాంటివి ఉన్నా, వాటి దృష్టి ఎక్కువగా నగరాల్లో ఒంటరిగా పనిచేసే మగవారి మీదే. కుటుంబంతో చేలల్లో ఉండే స్త్రీ ఏ లెక్కలోనూ పడటం లేదు.

గర్భసంచికి ఎసరు

ఈ మౌనానికి అత్యధిక మూల్యం చెల్లిస్తున్నది పల్లె మహిళే. ఆమె బాధ మొదలయ్యేది తెల్లబట్ట, నడుంనొప్పి, పొత్తికడుపు నొప్పితో. మొదటి మజిలీ ఊరి ఆర్‌ఎంపీ. పరీక్ష ఉండదు, ఒక సూది, నాలుగు మాత్రలు. తగ్గకపోతే పట్నం. అక్కడ స్కానింగు తీసి 'గర్భసంచి వాచింది, వదిలేస్తే క్యాన్సర్‌ అవుతుంది' అన్న ఒక్క మాట చాలు. పిల్లలు పుట్టేశారు, ఇక సంచితో పనేముందని ఇంటివారు తలూపుతారు. అప్పు తెచ్చి ఆపరేషను చేయిస్తారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) లెక్కలు ఈ ధోరణికి అద్దం పడుతున్నాయి. 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం, తెలంగాణలో 8.2 శాతం. దేశ సగటుకు రెండున్నర రెట్లు! స్త్రీలు చెప్పిన కారణాల్లో అధిక రక్తస్రావం, నొప్పి ముందుంటాయి. వాటిలో కొన్నిటికి శస్త్రచికిత్స తప్పనిసరి కావచ్చు. కానీ మందులతో తగ్గే ఇన్ఫెక్షన్‌కు అవయవాన్నే తీసేయడం వైద్యం అనిపించుకోదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మెదక్‌ జిల్లా పల్లెల్లో అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల తీరును డాక్టర్‌ కామేశ్వరి, డాక్టర్‌ ప్రకాశ్‌ వింజమూరి దంపతులు అధ్యయనం చేసి, ఏళ్ల కిందటే బయటపెట్టారు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా ఈ సమస్యపై తీర్పు ఇస్తూ, అనవసర ఆపరేషన్లను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలులోకి తేవాలని ఆదేశించింది.

చిన్న వయసులో గర్భసంచితో పాటు అండాశయాలూ పోతే ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బుల ముప్పు ముందుగానే చుట్టుముడతాయి. కూలి పనే ఆధారమైన ఇంట్లో ఆమె నడుం వంగితే ఆ సంసారమే వంగిపోతుంది.

తెల్లబట్ట క్యాన్సర్‌గా మారుతుందన్న భయమూ తప్పుడు ప్రచారమే. గర్భసంచి ముఖద్వారపు క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ వైరస్‌. అందులోని 16, 18 రకాలే దాదాపు 70 శాతం కేసులకు కారణం. దానికి ముందస్తు పరీక్ష ఉంది. 30 ఏళ్లు దాటిన స్త్రీలకు ఆమ్లంతో చేసే తేలికపాటి పరీక్షను ప్రభుత్వ కార్యక్రమంలో చేర్చారు. టీకా కూడా ఉంది. దేశీయంగా తయారైన 'సెర్వావాక్‌'కు 2022లో అనుమతి లభించింది. పరీక్ష చేయకుండా క్యాన్సర్‌ పేరు చెప్పి భయపెట్టేవారిని 'ఆ పరీక్ష కాగితం చూపండి' అని అడిగే హక్కు ప్రతి మహిళకూ ఉంది.

కడుపులోని బిడ్డకూ ముప్పు

తల్లికి సిఫిలిస్‌ ఉండి చికిత్స జరగకపోతే గర్భస్రావం, మృతశిశువు జననం, పుట్టిన బిడ్డకు ఎముకల, చెవుల, కళ్ల లోపాలు రావచ్చు. గనేరియా ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు కళ్లు పుసికట్టి చూపు పోయే ప్రమాదముంది. విషాదమేమంటే వీటిని ఆపడం ఎంతో తేలిక. గర్భం నిర్ధారణ కాగానే ఒక్క రక్తపరీక్ష. సిఫిలిస్‌ తేలితే పెన్సిలిన్‌ సూది. కాన్పుకు కనీసం 30 రోజుల ముందే ఇస్తే బిడ్డకు రక్షణ ఉంటుంది. హెపటైటిస్‌-బి ఉన్న తల్లి బిడ్డకు పుట్టిన 24 గంటల్లోగా టీకా వేయాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరిపే పథకం 2016 నుంచి ఉంది.

సుగ్గికి పోయిన గర్భిణి సంగతే అసలు సమస్య. ఇక్కడి ఏఎన్‌ఎం రిజిస్టరులో ఆమె పేరు ఉంటుంది, మనిషి ఉండదు. అక్కడి ఏఎన్‌ఎం ముందు మనిషి ఉంటుంది, పేరు ఉండదు. రెండు జిల్లాల రిజిస్టర్ల మధ్య జారిపోయేది తల్లీబిడ్డల ఆరోగ్యమే.

మందు ఉంది.. మొండితనం పెరుగుతోంది

సుఖవ్యాధులకు సరైన మందు ఉండటం ఈ కథలో శుభవార్త. 1943లో జాన్‌ మహోనీ అనే అమెరికా వైద్యుడు సిఫిలిస్‌ను పెన్సిలిన్‌తో నయం చేసి చూపాడు. ఎనభై ఏళ్లు దాటినా ఆ క్రిమి పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉంది. పెన్సిలిన్‌ పడనివారికి ఇచ్చే డాక్సీసైక్లిన్‌ టెట్రాసైక్లిన్‌ కుటుంబానిది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ వెలుగు చూసింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ ప్రయోగశాలలోనే. సవాయిని కట్టడి చేసే మందుల చరిత్రలో ఒక తెలుగువాడి పాత్ర ఉండగా, తెలుగు పల్లెలో ఆ జబ్బుకు గోడ కాగితం దిక్కు కావడం విచారకరం.

గనేరియా విషయం మాత్రం ఆందోళనకరం. ఆ క్రిమి పెన్సిలిన్‌కు, టెట్రాసైక్లిన్‌కు, సిప్రోఫ్లాక్సాసిన్‌కు వరుసగా మొండికెత్తింది. ఇప్పుడు సెఫాలోస్పోరిన్‌ తరగతి మందులే ప్రధాన ఆధారం. అయినా చీటీ లేకుండా దుకాణానికి వెళ్లి 'మంటకు రెండు మాత్రలు' అడిగితే సిప్రోఫ్లాక్సాసిన్‌ చేతిలో పెట్టే చోట్లు ఇంకా ఉన్నాయి. రెండు రోజులు వేసి తగ్గిందని ఆపేస్తే చావగా మిగిలిన క్రిములు మరింత బలపడతాయి. ఆ బలం ఊరందరికీ పంచబడుతుంది.

ప్రభుత్వం ఈ జబ్బుల కోసం 'సురక్ష క్లినిక్‌'లను నెలకొల్పింది. ల్యాబు ఫలితం కోసం రోగిని తిప్పకుండా, లక్షణాన్ని బట్టి అదే రోజు మందు చేతిలో పెట్టడం వీటి పద్ధతి. అందుకే మందులను రంగుల పొట్లాలుగా విభజించారు. చీముకు బూడిద రంగు, తెల్లబట్టకు ఆకుపచ్చ, పుండుకు తెలుపు, పెన్సిలిన్‌ పడనివారికి నీలం, హెర్పిస్‌కు ఎరుపు, పొత్తికడుపు నొప్పికి పసుపు, గజ్జల బిళ్లలకు నలుపు. చదువు రానివారికీ గుర్తుండే ఏర్పాటు. మందుతో పాటు సిఫిలిస్‌, హెచ్‌ఐవి పరీక్షలు, భాగస్వామికి చికిత్స, నిరోధ్‌లు, సలహా ఉండాలి. ఇంత చక్కని ఏర్పాటు ఉందని ఎందరికి తెలుసు? ఆసుపత్రి ప్రాంగణంలో ఒక మూలన ఉండే బోర్డుకు, ఊరంతా అంటించిన గోడ కాగితానికి పోటీ ఎక్కడిది?

చట్టం ఉంది.. చూసేవారేరీ?

సుఖవ్యాధులను నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం నేరం. 1954 నాటి మందులు, మాయా చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం దీన్ని స్పష్టంగా నిషేధించింది. సిఫిలిస్‌, గనేరియాలను పేర్లతో సహా అందులో చేర్చారు. మొదటిసారి నేరం రుజువైతే ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ. తిరిగి చేస్తే ఏడాది వరకు జైలు. డెబ్బై ఏళ్ల నాటి ఈ చట్టాన్ని బస్టాండు గోడ రోజూ వెక్కిరిస్తోంది. సెల్‌ నంబరు సైతం అచ్చువేసి మరీ అంటిస్తుంటే దోషులెవరో కనిపెట్టడం కష్టమేమీ కాదు.

రోగి వైపు నిలిచే చట్టమూ ఉంది. 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవి, ఎయిడ్స్‌ నివారణ చట్టం (2017) ప్రకారం, సమ్మతి లేకుండా హెచ్‌ఐవి పరీక్ష చేయరాదు. ఫలితాన్ని బయటపెట్టరాదు. ఉద్యోగంలో, బడిలో, ఆసుపత్రిలో వివక్ష చూపరాదు. అయినా ఓపీ చీటీ రాసేచోట 'ఏం జబ్బు' అని పదిమంది వినేలా గట్టిగా అడిగితే, రోగికి చట్టం మీద కాక గోడ కాగితం మీదే నమ్మకం కుదురుతుంది. ఆ కాగితం ఇచ్చే ఒకే ఒక్క హామీ గుట్టు. ఆ గుట్టును ప్రభుత్వ ఆసుపత్రి ఇవ్వగలిగితే ఆ వ్యాపారం రోజుల్లో మూతపడుతుంది.

ఎయిడ్స్‌ నేర్పిన పాఠం

2000 దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ దేశంలో హెచ్‌ఐవి తీవ్రత అధికంగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఒకటి. ఊరూరా కళాజాతలు, గోడరాతలు, కళాశాలల్లో రెడ్‌ రిబ్బన్‌ క్లబ్బులు, 2007లో పట్టాలెక్కిన రెడ్‌ రిబ్బన్‌ ఎక్స్‌ప్రెస్‌ రైలు.. అన్నీ కలిసి జనం నోట ఆ మాట పలికించాయి. 2004 నుంచి ఏఆర్‌టీ మందులు ఉచితంగా అందాయి. వ్యాప్తి తగ్గింది. అయితే ముప్పు తొలగిపోలేదు. 2021 అంచనాల ప్రకారం వయోజనుల్లో హెచ్‌ఐవి దేశ సగటు 0.21 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47 శాతం. ఆంధ్రప్రదేశ్‌లోనే మూడు లక్షలకు పైగా మంది దానితో జీవిస్తున్నారు.

సుఖవ్యాధికి, హెచ్‌ఐవికి దగ్గరి చుట్టరికం ఉంది. మర్మాంగం మీద పుండో, వాపో ఉన్నవారికి హెచ్‌ఐవి సోకే అవకాశం ఎక్కువ. చిన్న జబ్బుకు వేళకు మందు వేస్తే పెద్ద జబ్బుకు దారి మూసినట్లే. ప్రచారం చల్లబడ్డాక పెరిగిన తరానికి ఈ సంగతులు చెప్పేవారు లేరు. దేశంలో హెచ్‌ఐవి గురించి సమగ్ర అవగాహన ఉన్నవారు స్త్రీలలో 21.6 శాతం, పురుషుల్లో 30.7 శాతమేనని 2019-21 సర్వే తేల్చింది. చేతిలో సెల్‌ఫోను ఉన్నంత మాత్రాన అవగాహన ఉన్నట్లు కాదు.

చేయాల్సిందేమిటి?

బాధితులు: మంట, చీము, పుండు, దుర్వాసనతో తెల్లబట్ట కనిపిస్తే ఆ వారంలోనే ప్రభుత్వ వైద్యుణ్ని కలవాలి. మందు పూర్తిగా వాడాలి. భాగస్వామికీ చికిత్స చేయించాలి. ఇద్దరికీ నయమయ్యేదాకా కలయికకు దూరంగా ఉండాలి. హెచ్‌ఐవి, సిఫిలిస్‌ పరీక్షలు చేయించుకోవాలి. నిరోధ్‌ను ప్రతిసారీ, సరిగ్గా వాడటం మేలైన రక్షణ. పుండ్లు, పులిపిరులు నిరోధ్‌ కప్పని చోట ఉంటే అది పూర్తిగా కాపాడలేదని కూడా తెలుసుకోవాలి. అనుమానాలకు 1097 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. పేరు చెప్పనక్కరలేదు.

మహిళలు: గర్భసంచి తీయాలంటే తొందరపడవద్దు. రెండో వైద్యురాలి సలహా తీసుకోవాలి. ఇన్ఫెక్షన్‌కు పూర్తి మందులు వాడారా, ముఖద్వారపు పరీక్ష జరిగిందా అని అడగాలి.

అధికారులు: వలస మండలాల్లో సుగ్గికి కదిలే ముందు, తిరిగి వచ్చాక రెండు విడతలు వైద్య శిబిరాలు పెట్టాలి. మహిళా వైద్యురాలు తప్పనిసరి. గర్భిణుల వివరాలు వెళ్లే జిల్లాకు ముందే అందాలి. ఓపీలో సుఖవ్యాధుల రోగికి వేరు గది, వేరు చీటీ ఉండాలి. గోడ ప్రకటనలపై ఔషధ తనిఖీ, పోలీసు విభాగాలు కలిసి కేసులు పెట్టాలి. గర్భసంచి ఆపరేషన్లను ప్రైవేటు ఆసుపత్రుల వారీగా తనిఖీ చేసి, నలభై ఏళ్లలోపు వారి కేసులను ప్రత్యేకంగా పరిశీలించాలి.

వకీలు దగ్గర, వైద్యుడి దగ్గర దాపరికం పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు. అయితే దాచకుండా చెప్పడానికి ఒక తలుపున్న గది కావాలి, వినేవారికి ఓపిక కావాలి. ఆ రెండింటికీ పెద్ద నిధులేమీ అక్కరలేదు. ఈ ఏడాదీ సుగ్గి లారీలు బయలుదేరుతాయి. వాటిలో ఎక్కే ఆడపడుచులు బాధను కొంగున మూటగట్టుకుని పోవాలా, మందు వేసుకుని పోవాలా అన్నది లారీ కదిలేలోపే తేల్చవలసింది జిల్లా యంత్రాంగమే.